ఇద్దరు తిక్కనలు, ముగ్గురు సాంబమూర్తులు

ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న పెద్దల గురించి అడగమని పోయిన సంచికలో అన్నందుకు సంపాదకులు నాకు ఒక సంచీడు ఉత్తరాలు పంపారు. కొత్త పాఠకుల కోసం ఒక మాట: నేను నెల్లూరులో జనన మరణాల రిజిస్టర్లు రాసి రిటైరైన గుమాస్తాను. మా రిజిస్టరులో పేరు ఒక గడి మాత్రమే. దాని పక్కనే తండ్రి పేరుకు, ఊరికి, తేదీకి గళ్లు ఉండేవి. ఎవరైనా కౌంటరు దగ్గరకు వచ్చి ‘సుబ్బారెడ్డిగారి కాగితం ఇవ్వండి’ అంటే, ‘ఎవరి అబ్బాయి సుబ్బారెడ్డి? ఏ ఊరు?’ అని అడగనిదే కలం మూత తీసేవాడిని కాను. పేరున్న పెద్దల విషయంలోనూ నాకు తెలిసిన పద్ధతి ఇదొక్కటే.

ప్రశ్న: భారతం రాసిన తిక్కనే కత్తి పట్టి కాటమరాజుతో యుద్ధం చేశాడని మా అత్తగారు అంటారు. మా అబ్బాయి బళ్లో క్విజ్‌లో అదే చెప్పి మార్కు పోగొట్టుకుని వచ్చాడు. కాస్త తేల్చండి బాబాయిగారూ.
– ఒక గృహిణి, మూలాపేట, నెల్లూరు

జవాబు: మార్కు పోవడం న్యాయమే అమ్మా. అలాగని అత్తగారిని ఏమీ అనకండి. ఇద్దరి పేరూ తిక్కనే. ఇద్దరూ పదమూడో శతాబ్దంలో ఈ నెల్లూరులోనే మనుమసిద్ధి కొలువులో ఉన్నారు. పైగా ఇద్దరూ ఒకే తాతకు మనవలు. ఇన్ని కలిశాక ఎవరు మాత్రం తికమకపడరు?

ఇక్కడే తండ్రి పేరు గడి పనికొస్తుంది. తాత మంత్రి భాస్కరుడు. ఆయనకు కేతన, మల్లన, సిద్ధన, కొమ్మన అని నలుగురు కొడుకులు. కొమ్మన కొడుకు కవి. సిద్ధన కొడుకు ఖడ్గ తిక్కన. అంటే పెదనాన్న, చినాన్న పిల్లలు. ఈ వంశక్రమం మనకు కేతన రాసిన దశకుమార చరిత్రములో దొరుకుతుంది. ఆ కావ్యాన్ని ఆయన కవి తిక్కనకే అంకితమిచ్చాడు. మళ్లీ ఈ కేతన, పైన చెప్పిన పెదనాన్న కేతన కాదు. ఈయన ఇంటిపేరు మూలఘటిక. ఆ కాలంలో పేర్లకు అంత కరవు!

కవి తిక్కన ముందుగా నిర్వచనోత్తర రామాయణం రాసి మనుమసిద్ధికి ఇచ్చాడు. రాజు ఆయనను ‘మామా’ అని పిలిచేంత చనువు ఉండేదని ఆ పుస్తకమే చెబుతుంది. తర్వాత విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాల భారతాన్ని తెలుగు చేశాడు. దాన్ని మాత్రం ఏ రాజుకూ ఇవ్వలేదు, హరిహరనాథుడికి ఇచ్చాడు. మనుమసిద్ధి రాజ్యం పోగొట్టుకున్నప్పుడు ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుడి సాయం తెచ్చింది కూడా ఈయనే అంటారు. మాటతో పని చక్కబెట్టిన మంత్రి ఈయన.

కత్తి పట్టిన ఆయన కథ వేరు. కాటమరాజు తన ఆలమందలను మేపుకోవడానికి మనుమసిద్ధి సీమకు తోలుకొచ్చాడు. మేపినందుకు కట్టవలసిన పన్ను పుల్లరి. దాని దగ్గర తగాదా ముదిరి పాలేటి ఒడ్డున, పంచలింగాల దగ్గర యుద్ధమైంది. కొమ్ములవాళ్లు కాటమరాజు కథ చెప్పేటప్పుడు వినండి, మన నెల్లూరు వాళ్లే అందులో ఎదుటి పక్షం. ఖడ్గ తిక్కన మొదటిసారి వెన్నిచ్చి ఇంటికి వచ్చాడని చాటువులు చెబుతాయి. వచ్చేసరికి భార్య చానమ్మ స్నానానికి నీళ్లు తోడి, మంచం అడ్డంపెట్టి, పక్కన పసుపు ముద్ద ఉంచింది. ఇదేమిటని అడిగితే, ‘ఇంట్లో ఇద్దరం ఆడవాళ్లం ఉండేవాళ్లం, ఇప్పుడు ముగ్గురమయ్యాం, సిగ్గెందుకు’ అంది. భోజనానికి కూర్చుంటే తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసింది. యుద్ధంలో విరిగి వచ్చిన కొడుకుకి విరిగిన పాలు! ఆయన తిరిగి వెళ్లి పోరాడి అక్కడే పడిపోయాడు. నిజంగా పసుపు ముద్ద పెట్టారో లేదో నాకు అక్కరలేదు. ఆ ఇంటి ఆడవాళ్ల నోళ్లు చూడండి, కవి ఇంటివాళ్లని ఒప్పుకోవలసిందే.

ఇంకో మెలిక కూడా చెప్పి వదిలేస్తాను. మనుమసిద్ధి తండ్రి పేరు కూడా తిక్కరాజే. ఇక తాత భాస్కరుడి విషయానికొస్తే, భాస్కర రామాయణం హుళక్కి భాస్కరుడిదా, మన మంత్రి భాస్కరుడిదా అని పండితులు బోలెడు సిరా ఖర్చుపెట్టారు. ఆ పంచాయితీలోకి మీ అబ్బాయిని దించకండి, ఇంకో మార్కు పోతుంది.

ప్రశ్న: పొట్టి శ్రీరాములుగారు పొట్టిగా ఉండేవారు కాబట్టి ఆ పేరు వచ్చిందా?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, కనిగిరి

జవాబు: కాదు నాయనా. అది ఇంటిపేరు. ఎత్తుతో పనిలేదు. సినిమాల్లో పొట్టి ప్రసాద్, పొట్టి వీరయ్య ఉన్నారు, వాళ్లకు ఆకారాన్ని బట్టి జనం తగిలించిన పేరు. ఆ సినిమా పేర్ల అలవాటే ఈయన మీదకు కూడా పాకింది. ఈయన 1901 మార్చి 16న మద్రాసులో పుట్టారు గానీ, కుటుంబానిది మీ కనిగిరి పక్కన పడమటిపల్లి. ఈ సంగతి మీ బళ్లో గట్టిగా చెప్పు.

ప్రశ్న: శ్రీరాములుగారు నిరాహారదీక్ష చేసిన ఇల్లు సాంబమూర్తిగారిదని చదివాను. మా బిట్రగుంటలో పుట్టిన సాంబమూర్తిగారేనా ఆయన? బాలసుబ్రహ్మణ్యంగారి నాన్నగారు కూడా సాంబమూర్తే అంటున్నారు. ఒకరా, ముగ్గురా?
– రిటైర్డు రైల్వే ఉద్యోగి, బిట్రగుంట

జవాబు: ముగ్గురు. మీ ప్రశ్న నాకు భలే నచ్చింది. మొదటాయన బులుసు సాంబమూర్తి. తూర్పుగోదావరి జిల్లా మనిషి, కాకినాడలో వకీలు. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరగబోయే ముందు కొడుకు చనిపోతే, దుఃఖం దిగమింగుకుని సభ పనులు చూసిన మనిషి. 1937 నుంచి 1942 వరకు మద్రాసు శాసనసభకు స్పీకరు. అంతటి పదవి చేసినాయన అంగవస్త్రంతోనే తిరిగేవారు, జనం మహర్షి అనేవారు. మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీద 126వ నంబరు ఇల్లు ఆయనది. అక్కడే 1952 అక్టోబరు 19న శ్రీరాములుగారు దీక్ష మొదలుపెట్టారు. డిసెంబరు 15 రాత్రి అక్కడే కన్నుమూశారు. యాభై ఎనిమిది రోజులు ఆ దీక్షకు చోటిచ్చి, దాని బరువంతా నెత్తిన వేసుకున్న ఇంటియజమానిని మన పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. ఇది నాకు కిట్టని విషయం.

రెండో ఆయనే మీ ఊరాయన, పి. సాంబమూర్తి. తమిళ కుటుంబం. తండ్రి రైల్వేలో స్టేషన్ మాస్టరు కాబట్టి 1901లో బిట్రగుంటలో పుట్టారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో సంగీత శాఖకు పెద్ద. కర్ణాటక సంగీత శాస్త్రం మీద ఆయన సంపుటాలు ఇప్పటికీ సంగీతం పరీక్షలకు కూర్చునేవాళ్లు చదువుతారు. 1971లో పద్మభూషణ్ ఇచ్చారు. తమాషా చూడండి: తెలుగువాళ్ల రాష్ట్రం కోసం ప్రాణమిచ్చిన శ్రీరాములుగారు పుట్టింది మద్రాసులో, అదే ఏడాది మద్రాసులో పేరు తెచ్చుకోబోయే తమిళ పండితుడు పుట్టింది బిట్రగుంటలో. ఊరు గడి ఒక్కటే చూస్తే మోసపోతామని ఈయన్ను చూశాకే అనిపిస్తుంది.

మూడో ఆయన శ్రీపతి పండితారాధ్యుల సాంబమూర్తి, నెల్లూరులో హరికథలు చెప్పినాయన, బాలుగారి తండ్రి. తిప్పరాజువారి వీధిలో ఉన్న ఆ ఇంటిని బాలు 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారు. అదే ఏడాది సెప్టెంబరు 25న ఆయన కూడా వెళ్లిపోయారు.

ప్రశ్న: ప్రకాశం పంతులుగారూ ముఖ్యమంత్రి అంజయ్యగారూ ఇద్దరూ టంగుటూరి వారే కదా. చుట్టరికం ఉందా?
– కిరాణా వ్యాపారి, టంగుటూరు

జవాబు: లేదండీ. ప్రకాశం పంతులుగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు పక్కన వినోదరాయునిపాలెంలో పుట్టారు. కుర్రతనంలో నాటకాల్లో ఆడవేషాలు కట్టారు, ఆ తర్వాత బారిస్టరై మద్రాసు కోర్టులో గర్జించారు. 1946లో మద్రాసుకు, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. అంజయ్యగారు తెలంగాణ మనిషి. హైదరాబాదులో ఆల్విన్ కర్మాగారంలో కార్మికుడిగా మొదలై, కార్మిక నాయకుడై, 1980 అక్టోబరులో ముఖ్యమంత్రి అయ్యారు. అరవై దాటిన మంత్రివర్గం పెట్టి అందరినీ నవ్వించారు. ఇంటిపేరు కలిసినంత మాత్రాన పెళ్లిలో ఒకే పంక్తిలో కూర్చోబెట్టలేం.

నిజంగా చుట్టరికం ఉన్నది టంగుటూరి సూర్యకుమారితో. ఆమె పంతులుగారి సోదరుడి కుమార్తె. మనం బళ్లలో నిలబడి పాడే ‘మా తెలుగు తల్లికి’ మొదట ఊరూరా వినిపించింది ఆమె గొంతులోనే. ఆమె 1961లో న్యూయార్కులో రవీంద్రనాథ్ ఠాకూర్ నాటకంలో రాణి వేషం కట్టి అక్కడి విమర్శకుల బహుమతి పుచ్చుకుంది. లండనులో స్థిరపడి 2005లో అక్కడే పోయింది. మీ ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్నవాళ్లలో అంత దూరం వెళ్లినవాళ్లు నాకు ఇంకెవరూ తట్టడం లేదు.

ప్రశ్న: హాస్యనటుడు రమణారెడ్డి గురజాడ మీద పెద్ద పుస్తకం రాశారని మా స్నేహితుడు వాదిస్తున్నాడు. నేను నమ్మలేదు.
– డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: నమ్మకపోవడం మంచిదైంది. ‘మహోదయం’ రాసింది కె.వి. రమణారెడ్డి. 1927లో రేబాలలో పుట్టి, మీ కావలి జవహర్ భారతి కళాశాలలోనే పాఠం చెప్పిన విమర్శకుడు, విప్లవ రచయిత. కె.వి.ఆర్. అంటే సాహిత్యం చదివినవాళ్లు లేచి నిలబడతారు. మీరు చదివే ఊళ్లో పాఠం చెప్పినాయన్ని సినిమా ఆయనలో కలిపేస్తే ఎలా?

నటుడి పూర్తి పేరు తిక్కవరపు వెంకట రమణారెడ్డి. 1921లో జగదేవిపేటలో పుట్టారు. సినిమాలకు పోకముందు నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరు. ఆ సన్నని ఒళ్లు, ఆ మెడ తిప్పడం తలుచుకుంటే, ఆయన వీధుల్లోకి తనిఖీకి వచ్చినప్పుడు జనం కాలువలు శుభ్రం చేశారో, నవ్వుతూ నిలబడిపోయారో! మాయాబజారులో చినమయ్య ఆయనే. ఇంద్రజాలం నేర్చుకుని సంస్థల సహాయార్థం ప్రదర్శనలు కూడా ఇచ్చారు. 1974లో పోయారు.

తిక్కవరపు అన్నాను కాబట్టి, ఎవరూ అడగకపోయినా ఇంకో సంగతి చెబుతాను. ఈ ఇంటిపేరుతో మన జిల్లాలో ఇంకో ఇద్దరు సినిమా మనుషులున్నారు. ఒకరు తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ అని కవితల పుస్తకం వేసి ఛందస్సును ఎగతాళి పట్టించిన పట్టాభి. ఆయన తర్వాత కన్నడంలో ‘సంస్కార’ తీశారు. ఆయన భార్య స్నేహలత ఆ చిత్రంలో నటించారు, ఎమర్జెన్సీలో జైలుపాలై 1977 జనవరిలో చనిపోయారు. రెండో ఆయన తిక్కవరపు సుబ్బరామిరెడ్డి, పారిశ్రామికవేత్త, పార్లమెంటు మాజీ సభ్యుడు. ఆయన నిర్మాతగా జి.వి. అయ్యర్ సంస్కృతంలో ‘భగవద్గీత’ తీశారు. ‘సంస్కార’కూ ‘భగవద్గీత’కూ రెండింటికీ దేశంలో ఉత్తమ చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది. నెల్లూరు తిక్కవరపు వారికి రెండుసార్లు దేశంలోకెల్లా పెద్ద సినిమా బహుమతి వస్తే, రెండుసార్లూ తెలుగు సినిమాకు రాలేదు! ట్రంకు రోడ్డు మీద ఇన్ని సినిమా హాళ్లు పెట్టుకుని ఈ ముక్క ఎవరూ చెప్పుకోరు.

ప్రశ్న: ఆచార్య ఆత్రేయ ఏ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా చేశారు?
– సూళ్లూరుపేట నుంచి ఒకరు

జవాబు: ఏ విశ్వవిద్యాలయంలోనూ చేయలేదు. అసలు పేరు కిళాంబి వెంకట నరసింహాచార్యులు. పేరు చివర ఉన్న ఆచార్య ముందుకొచ్చింది, గోత్రం ఆత్రేయ దాని పక్కన చేరింది. పుట్టింది మీ పక్కనే, మంగళంపాడులో, 1921 మే 7న.

ప్రశ్న: వెన్నెలకంటి, సిరివెన్నెల ఒకరేనా? యానాదుల కోసం పనిచేసిన వెన్నెలకంటివారు పాటల రచయితకు ఏమవుతారు?
– ఒక టీచరమ్మ, ఒంగోలు

జవాబు: మొదటి దానికి చిన్న జవాబు: కారు. సిరివెన్నెల ఇంటిపేరు చేంబోలు. సినిమా పేరు ముందు చేరి అసలు ఇంటిపేరును మింగేసింది. వెన్నెలకంటి అచ్చంగా ఇంటిపేరే. పాటల రచయిత పూర్తి పేరు వెన్నెలకంటి రాజేశ్వరప్రసాద్, నెల్లూరు మనిషి, బ్యాంకు ఉద్యోగం వదిలి పాటల్లోకి వెళ్లినవారు. తమిళ సినిమాలు తెలుగులో మాట్లాడాలంటే చాలాకాలం ఆయన కలమే దిక్కు. ఇద్దరూ 2021లోనే పోవడంతో కుర్రకారు ఇంకా ఎక్కువగా కలిపేస్తున్నారు.

రెండో దానికొస్తే, వెన్నెలకంటి రాఘవయ్యగారు వేరే తరం. నెల్లూరు వకీలు, గాంధీగారి మనిషి. పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసే చట్టం కింద యానాదులను పోలీసు ఠాణాల చుట్టూ తిప్పుతున్న రోజుల్లో వాళ్ల తరఫున నిలబడ్డారు. ఆ చట్టం దేశమంతటా పోయింది 1952లో. ఆయన యానాదుల మీద, సంచార జాతుల మీద ఇంగ్లీషులో పుస్తకాలు రాశారు. 1973లో పద్మభూషణ్ వచ్చింది. మన జిల్లాలో చెరువుగట్టున యానాది గుడిసె లేని ఊరు లేదు, ఆ గుడిసెలో ఈయన పేరు తెలిసిన ముసలివాళ్లు ఉంటారు. పక్క మిద్దెలో మాత్రం పాటలాయన పేరే తెలుసు.

మీరు అడగకుండా వదిలేసినాయన మీ ఊరివాడే టీచరమ్మా! వెన్నెలకంటి సుబ్బారావు. 1784లో పుట్టారు. తాను ఒంగోలువాడినని పుస్తకం మీదే వేసుకున్నారు. 1815 నుంచి 1829 వరకు మద్రాసు సదరు కోర్టులో అనువాదకుడు, దుబాసీ. దొర ఒక భాషలో, కక్షిదారు ఇంకో భాషలో మాట్లాడుతుంటే మధ్యలో నిలబడి రెండు పక్షాలకూ అర్థమయ్యేట్టు చెప్పడం ఆయన ఉద్యోగం. ఆయన తన జీవితకథ ఇంగ్లీషులో రాసుకున్నారు. 1839లో పోయారు, పుస్తకం అచ్చయింది 1873లో. భారతీయుడు ఇంగ్లీషులో రాసుకున్న తొలి ఆత్మకథల్లో అదొకటి. ఆ కాలపు ఇంగ్లీషు స్పెల్లింగు ప్రకారం ఆయన పేరు అట్ట మీద ‘వెన్నెలకుంటి సూబ్ రో’ అన్నట్టుగా పడింది. గ్రంథాలయంలో ఆ కార్డు చూసినవాడెవడూ ఈయన ఒంగోలు బ్రాహ్మడని పోల్చుకోలేడు. పేరు తప్పు రాస్తే మనిషి ఎలా మాయమవుతాడో మా రిజిస్టర్లలో రోజూ చూసేవాడిని.

ఇంకా వెనక్కి వెళితే విష్ణుపురాణం రాసిన వెన్నెలకంటి సూరన, జక్కన విక్రమార్క చరిత్రమును అంకితం పుచ్చుకున్న వెన్నెలకంటి సిద్ధన మంత్రి కూడా ఉన్నారు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన వీళ్లందరినీ ఒకే తాడుకు కట్టకండి.

ప్రశ్న: ముఖ్యమంత్రిగా పనిచేసిన గోపాలరెడ్డిగారే కన్యాశుల్కం మొదటి కూర్పును వెలికి తీశారా?
– బుచ్చిరెడ్డిపాలెం పాఠకుడు

జవాబు: మీ ఊరాయన బెజవాడ గోపాలరెడ్డి. 1907లో పుట్టారు. శాంతినికేతన్‌లో చదువుకుని ఠాకూర్ రచనలు తెలుగు చేశారు. 1937లో ముప్పై ఏళ్లకే రాజాజీ మంత్రివర్గంలో మంత్రి. 1955 మార్చి నుంచి ఆంధ్రప్రదేశ్ ఏర్పడేదాకా ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి. తర్వాత ఉత్తరప్రదేశ్ గవర్నరు. సాహిత్యాభిమాని కాబట్టి మీ అనుమానం అర్థమైంది.

కన్యాశుల్కం మనిషి బండి గోపాలరెడ్డి. మినగల్లు ఊరు. ఇంటిపేరునూ పేరునూ ముక్కలు చేసి ‘బంగోరె’ అని సంతకం చేసేవారు. ముందే ఇంకో గోపాలరెడ్డి పేరు మోగిపోతున్న జిల్లాలో అది తెలివైన పనే. జమీన్ రైతు పత్రికలో పనిచేశారు. 1909 నాటి కూర్పే కన్యాశుల్కమని అందరూ అనుకుంటుంటే, 1897 నాటి మొదటి కూర్పును 1969లో మళ్లీ అచ్చువేయించారు. బ్రౌన్ దొర జాబుల కోసం పాత కాగితాలు తవ్వి పోశారు. పదవి లేదు, డబ్బు లేదు. 1982లో, ఇంకా ఎంతో పని చేయవలసిన వయసులో పోయారు. నన్నడిగితే, ఈ ఇద్దరిలో ముందు ఎవరి బొమ్మ పెట్టాలో నాకు బాగా తెలుసు. మీ ఊళ్లో గొడవెందుకని రాయడం లేదు.

ప్రశ్న: మాయాబజారులో దుశ్శాసనుడు మన కావలి రాజనాల అని మా నాన్న, కాదని మా మామయ్య. పందెం కాశారు.
– కావలి నుంచి ఒకమ్మాయి

జవాబు: మామయ్య గెలిచాడు. 1957 నాటి ఆ సినిమాలో దుశ్శాసనుడు ఆర్. నాగేశ్వరరావు. కానీ మీ నాన్నగారు పూర్తిగా తప్పని అనకండి, ఎందుకంటే ఆ ‘ఆర్’ కూడా రాజనాలే! దొంగరాముడులో బాబులుగా భయపెట్టినాయన. 1959లోనే పోయారు. మన కావలాయన రాజనాల కాళేశ్వరరావు, 1953లో ‘ప్రతిజ్ఞ’తో వచ్చి, ఎన్టీఆర్ చేతిలో లెక్కలేనన్ని కత్తిపోట్లు తిన్నాయన. ఇద్దరూ విలన్లే కావడం మన ఖర్మ. ఇకమీదట 1960ల మధ్యలో వచ్చిన సినిమా అయితే కళ్లు మూసుకుని కాళేశ్వరరావు అని పందెం కాయమనండి. పందెం డబ్బు మాత్రం ఇద్దరూ చెరిసగం పంచుకోవాలని నా తీర్పు. మామయ్యకు కూడా ‘ఆర్’ అంటే ఏమిటో తెలిసి ఉండదు, అడిగి చూడమ్మా.